అన్వేషణ యంత్రమును అడుగు విధము

గ్రంథాలయమున కావలసిన పుస్తకము కనబడనిచో గ్రంథపాలకుని అడుగుట మనకు అలవాటు. ఏ విషయము, ఎవరు వ్రాసినది, ఉర్దూలోనా, తెలుగులోనా, ఆంగ్లములోనా, ఏ కాలమునాటిది అని ఆయన తిరిగి నాలుగు ప్రశ్నలు వేయును. మనము చెప్పు ఆ నాలుగు జవాబులతోనే సగము పని తీరును. పాఠకుని కాలమును వృథా కానీయరాదనుట గ్రంథాలయ శాస్త్రమునకు ఒక మూలసూత్రమని 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ గారు నిర్ధారించియుండిరి. నేడు విద్యార్థి లోకమునకు గ్రంథపాలకుని స్థానమున చేతి ఫోనులోని అన్వేషణ యంత్రము, అనగా సెర్చ్ ఇంజన్, వచ్చి కూర్చున్నది. దానికి ఓపిక మెండు. ఎన్నిసార్లు అడిగినను విసుగుకొనదు. కాని ఒక్క మాట వేసినచో, ఆ మాటతో మన ఉద్దేశ్యమేమో విచారింపక, లక్షలాది పుటలను మన ముందు కుమ్మరించి ఊరకుండును.

గ్రంథపాలకుడు వేయు ప్రశ్నలను మనమే ముందుగా ఊహించి, వాటి జవాబులను చిన్న చిన్న గుర్తుల రూపమున యంత్రమునకు అందించు మార్గము కలదు. ఈ గుర్తులను ఆంగ్లమున ఆపరేటర్లందురు. మేము వీనిని సంకేతములని పిలుతుము. వీనిలో ముఖ్యమైనవి పట్టుమని పదియైనను లేవు. నేర్చుకొనుటకు ఒక సాయంత్రము చాలును. అయినను కళాశాల విద్యార్థులలో వీనిని వాడువారు అరుదు. ఉపకార వేతనపు గడువు తేదీ కొరకు, పరిశోధన వ్యాసము కొరకు, పాత పుస్తకము కొరకు గంటల కొలది వెదకి, దొరకలేదని నిట్టూర్చువారే ఎక్కువ. వారి కొరకే ఈ వ్యాసము.

ఒక చిన్న మనవి. సంకేతములను ఇచ్చట తెలుగు లిపిలో చూపుచున్నాము. యంత్రమున టైపు చేయునపుడు సైట్, ఫైల్‌టైప్ వంటి మాటలను ఆంగ్లాక్షరములతోనే, నడుమ ఖాళీ లేకుండ వ్రాయవలెను. వెదకెడి మాట మాత్రము తెలుగులోనైనను, ఉర్దూలోనైనను ఉండవచ్చును.

ముందుగా యంత్రము చేయు పనిని గ్రహింపవలెను. మనము మాట వేసిన క్షణమున అది ప్రపంచమంతయు గాలించి వచ్చుననుకొనుట భ్రమ. పెద్ద గ్రంథముల చివర పదసూచిక ఉండును గదా! ఏ పదము ఏయే పుటలలో వచ్చినదో అకారాది క్రమమున అందు చూపబడును. అన్వేషణ యంత్రము తాను చూచిన పుటలన్నింటికిని అట్టి పదసూచికను ముందే కూర్చుకొనియుండును. మనము అడిగినపుడు ఆ సూచికను తెరచి, ఆ మాట ఉన్న పుటలను ఏరి, వానిలో ఏది ముఖ్యమో తన లెక్కల ప్రకారము వరుస పెట్టి చూపును. ఇటీవలి యంత్రములు ఒక మాటకు బదులు దాని పర్యాయపదములను కూడ తామే చేర్చుకొని వెదకుచున్నవి. ఎంత చేసినను దాని మూలాధారము వ్రాయబడిన అక్షరములే. వ్రాసినవాడు ఏ మాట వాడెనో ఆ మాటయే దానికి పట్టుకొమ్మ.

ఈ సూచికలను ఒకదానితో నొకటి కలుపుటకును, తీసివేయుటకును వాడు తర్కము కంప్యూటరు కన్న చాల పాతది. 1815లో ఇంగ్లండునందలి లింకన్ పట్టణమున ఒక చెప్పులు కుట్టువాని ఇంట జన్మించిన జార్జి బూల్ విశ్వవిద్యాలయపు మెట్లెక్కకయే గణితమును స్వయముగా నేర్చి, 1849లో ఐర్లండునందలి కార్క్ నగరపు క్వీన్స్ కాలేజీలో ఆచార్యుడాయెను. మానవుని ఆలోచనను బీజగణితమువలె గుర్తులతో వ్రాయవచ్చునని 1847లోను, మరల 1854లోను వెలువరించిన గ్రంథములలో ఆయన చూపెను. 1864లో ఆయన మరణించెను. తన గుర్తులు నూరేండ్ల తరువాత గ్రంథాలయములలోనికి వచ్చునని ఆయన కలలోనైనను తలచియుండడు.

బూల్ తర్కమును మన తరగతి గదిలోనే చూడవచ్చును. ఒక తరగతిలో 60 మంది విద్యార్థులు కలరనుకొందము. వారిలో ఉర్దూ చదువగలవారు 38 మంది, తెలుగు చదువగలవారు 30 మంది, రెండును చదువగలవారు 12 మంది. ఉర్దూయు తెలుగును వచ్చినవారు లేచి నిలుచుండుడనిన 12 మందియే లేతురు. ఉర్దూ గాని తెలుగు గాని వచ్చినవారనిన 56 మంది లేతురు. ఉర్దూ వచ్చి తెలుగు రానివారనిన 26 మంది. అన్వేషణ యంత్రపు సంకేతములలో ముఖ్యమైనవి కొన్ని ఈ మూడు ఆజ్ఞలలోనే ఇమిడియున్నవి.

ఇచ్చట చాలమంది తడబడుదురు. వాడుకలో "మరియు" అనునది పెంచు మాట. టీయును బిస్కత్తులును తెమ్మనిన వచ్చునవి ఎక్కువగును. వెదకుటలో అదే మాట తగ్గించునది. మాటకు మాట చేర్చిన కొలది పుటలు తరుగును. "లేక" అనునది వాడుకలో ఏదో ఒకటి చాలునను మాట; వెదకుటలో అది వలను విశాలము చేయునది. ఈ తారుమారు మనసుకు పట్టినచో తక్కినది సులభము.

గూగుల్ వంటి యంత్రములలో రెండు మాటలను పక్కపక్కన వ్రాసినచో నడుమ "మరియు" ఉన్నట్లే. దానికి వేరు గుర్తు అక్కరలేదు. "లేక" అనుటకు ఆర్ అను ఆంగ్లపదమును పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చిన్న అక్షరములతో వ్రాసిన యంత్రము దానిని సామాన్యపదముగా భావించును. తెలుగున "లేదా" అని వ్రాసిన ఫలితము లేదు. "కాక" అనుటకు మైనస్ గుర్తు. గుర్తుకు ముందు ఖాళీ ఉండవలెను. గుర్తుకును మాటకును నడుమ ఖాళీ ఉండరాదు. ఇక మాటలను ఉన్న వరుసలో ఉన్నట్లే వెదకుమనుటకు వానికి రెండు ప్రక్కల జంట కొటేషను గుర్తులు ఉంచవలెను. ఎవరో మహనీయుడు అనినట్లు ఫోనులలో తిరుగు సుభాషితమును కొటేషను గుర్తుల నడుమ ఉంచి వెదకుడు. ఆ మహనీయుని గ్రంథములలో గాని, నమ్మదగిన సంకలనములలో గాని ఎక్కడను దొరకక, శుభోదయపు బొమ్మలలో మాత్రమే దొరకినచో దాని కథ మీకే తెలియగలదు.

మైనస్ గుర్తు మిక్కిలి ఆకర్షణీయమైనది, మిక్కిలి ప్రమాదకరమైనది కూడ. ఒక విద్యార్థి మొదటి సాలార్ జంగ్ గారి పరిపాలనా సంస్కరణలను గూర్చి వ్రాయదలచెననుకొందము. మీర్ తురాబ్ అలీఖాన్ అను ఆ మహామంత్రి 1853 నుండి 1883 వరకు హైదరాబాదు రాజ్యమునకు దివానుగా నుండెను. యంత్రమున "సాలార్ జంగ్" అని వేసినంతనే వచ్చునవన్నియు మ్యూజియమునకు చెందినవి: ప్రవేశ రుసుము, సెలవు దినము, సంగీత గడియారము, ముసుగు వేసికొన్న రెబెకా. ఆ మ్యూజియము మూడవ సాలార్ జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ గారి సేకరణ. 1951లో అది ప్రజలకు తెరువబడెను. విసుగుచెందిన విద్యార్థి ఇట్లు వ్రాయును:

సాలార్ జంగ్ -మ్యూజియం

మ్యూజియము మాయమగును. దానితో పాటు మొదటి సాలార్ జంగ్ జీవితమును గూర్చిన మంచి వ్యాసములు కూడ మాయమగును. ఏలన, అట్టి వ్యాసములలో చాల భాగము చివరి పేరాలో ఆయన మనుమని సేకరణతో ఏర్పడిన మ్యూజియమును ఒక్కమారైనను పేర్కొనకుండ ముగియవు. మైనస్ గుర్తునకు ఆ ఒక్కమారు చాలును. అది పుట సారమును చూడదు. మాట ఉన్నదా లేదా అని మాత్రమే చూచును. తప్పు యంత్రముది కాదు, చెప్పినది చేసినది.

ఇట్టిచోట తీసివేయుట కన్న చేర్చుట మేలని మా అభిప్రాయము. సాలార్ జంగ్ సంస్కరణలను గూర్చి నిజముగా వ్రాసినవాడు "జిలాబందీ" అను మాటను వ్రాయక తప్పదు. రాజ్యమును జిల్లాలుగా విభజించిన ఏర్పాటునకు ఆనాటి పేరు అది. టిక్కెట్టు ధరను చెప్పు పుటలో ఆ మాట రాదు. కావున:

"సాలార్ జంగ్" జిలాబందీ

అని వ్రాసినచో వచ్చు పుటలు కొద్ది, వచ్చినవి పనికివచ్చునవి. మన ప్రశ్నలోని మాటను కాక, జవాబు వ్రాసినవాని కలము నుండి వెలువడు మాటను పట్టుకొనుటయే ఇందలి కిటుకు. మైనస్ గుర్తును ఇంటిపేరు ఒకటైన ఇద్దరిని వేరుచేయుటకు వాడుకొనవచ్చును. దక్కను హైదరాబాదును వెదకువానికి సింధు రాష్ట్రమునందలి హైదరాబాదు అడ్డము వచ్చుచున్నచో సింధును తీసివేయవచ్చును. అయితే 1948 తరువాత ఇచ్చటి నుండి కరాచీకి తరలిపోయిన కుటుంబముల చరిత్రను వెదకువాడు మాత్రము ఆ పని చేయరాదు.

జవాబు వ్రాసినవాని మాట అనుటలో ఎంత అర్థమున్నదో చూపు ఉదాహరణ మన తెలుగు-ఉర్దూ సాహిత్యముల సంగమముననే కలదు. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించెను. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. ఈ విషయమును వెదకు విద్యార్థి "ఇబ్రహీం కుతుబ్‌షా" అని తెలుగున వేసినచో కొంత దొరకును. కాని తెలుగు కవులు ఆ సుల్తానును పిలిచిన పేరు వేరు. మల్కిభరాముడని వారు ఆయనను తమ నుడికారములోనికి తెచ్చుకొనిరి. సాహిత్య చరిత్రకారులలో పలువురు ఆ పేరునే వాడిరి. ఉర్దూ పుటలలో ఆ పేరు కానరాదు. ఆంగ్లమునకు పోయినచో కుతుబ్ అను మాటనే నాలుగు విధముల వర్ణక్రమముతో వ్రాయుదురు. ఇచ్చటనే ఆర్ సంకేతము అక్కరకు వచ్చును:

మల్కిభరాముడు ఆర్ ఇభరాముడు ఆర్ "ఇబ్రహీం కుతుబ్‌షా"

ఒక మనిషిని ఎందరు ఎన్ని పేర్లతో పిలిచిరో తెలిసినవానికే వల నిండును. ఆ పేర్లు యంత్రము చెప్పునవి కావు. అవి చదువు వలన వచ్చునవి. మహమ్మద్ అను పేరును మన ధ్రువపత్రములలోనే ఎన్ని తీరుల వ్రాయుదురో ఎరిగిన మా పాఠకులకు ఈ మాట మరల వివరింప నక్కరలేదు.

ఈ విషయమున జరిగిన ఒక పరీక్షను మా పాఠకులు తప్పక తెలిసికొనవలెను. అమెరికాలో డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ అను ఇరువురు పరిశోధకులు 1985లో దాని ఫలితములను ప్రకటించిరి. ఒక పెద్ద దావాలో ప్రతివాది పక్షపు న్యాయవాదుల కొరకు సుమారు 40,000 పత్రములు, అనగా దాదాపు 3,50,000 పుటలు, కంప్యూటరులోనికి ఎక్కింపబడెను. బూల్ తర్కముతో పనిచేయు స్టెయిర్స్ అను వ్యవస్థ ద్వారా వానిని వెదకిరి. కనీసము నూటికి 75 వంతుల సంబంధిత పత్రములు దొరకనిదే దావా నడపుట కష్టమని న్యాయవాదులు ముందే చెప్పిరి. వెదకి వెదకి, అంతమేరకు దొరకినవని వారు తృప్తిచెందిన తరువాత పరిశోధకులు మిగిలిన పత్రములను మాదిరి చొప్పున పరీక్షించి చూచిరి. నిజమునకు దొరకినవి సగటున నూటికి 20 వంతులు మాత్రమే!

న్యాయవాదులు అసమర్థులు కారు. వారి విషయము వారికి కంఠోపాఠము. మరి లోపమెచ్చట? ఆ దావా ఒక ప్రమాదమునకు సంబంధించినది. న్యాయవాదులు సహజముగా "ప్రమాదము" అను మాటతో వెదకిరి. కాని ఆ ప్రమాదమునకు జవాబుదారులు కాగలవారు తమ ఉత్తరములలో ఆ మాటను వ్రాయుదురా? వారు దానిని "సంఘటన" అనిరి, "పరిస్థితి" అనిరి, "ఇబ్బంది" అనిరి. దోషము తమపై పడునను భయమున్నవాడు మెత్తని మాట వెదకికొనును. అత్యంత ముఖ్యమైన ఉత్తరములే ఆ మెత్తని మాటల చాటున దాగియుండెను. దొరకిన పత్రములు చాల భాగము పనికివచ్చునవే అగుటచేత, దొరకనివానిని గూర్చిన అనుమానము కూడ వారికి కలుగలేదు.

మా దృష్టిలో ఈ పరీక్ష నేటికిని పాతబడలేదు. ఇంతకు ముందే 1950, 1960 దశకములలో ఇంగ్లండునందలి క్రాన్‌ఫీల్డులో సిరిల్ క్లెవర్డన్ జరిపిన ప్రయోగములు ఇట్టి తక్కెడ గుణమునే చూపియుండెను: వచ్చినవానిలో చెత్త తగ్గవలెనని వలను బిగించిన కొలది మంచివి కూడ జారిపోవును, ఒకటియైనను పోరాదని వదలు చేసిన కొలది చెత్త పెరుగును. జల్లెడ కన్నము చిన్నదైన నూకలతో పాటు మంచి గింజ కూడ పైననే నిలిచిపోయినట్లు. కనుక వెదకువాడు మొదట నిర్ణయించుకొనవలసినది తనకు ఒక్క మంచి జవాబు చాలునా, లేక ఉన్నవన్నియు కావలెనా అనునది. బస్సు వేళ కావలసినవానికి ఒకటి చాలును. పరిశోధకునకు అన్నియు కావలెను. ఒకే సంకేతము మొదటివానికి మిత్రుడు, రెండవవానికి శత్రువు కాగలదు.

ఇక మాటను కాక చోటును నిర్ణయించు సంకేతములను చూతము. మా విద్యార్థులకు మిక్కిలి ఉపయోగపడునవి ఇవియే. సైట్ అను మాట వ్రాసి, కోలన్ గుర్తు ఉంచి, ఖాళీ విడువక ఒక చిరునామా వ్రాసినచో ఆ చిరునామా గల పుటలలోనే యంత్రము వెదకును. మన దేశమున గవ్.ఇన్ అను ముగింపు ప్రభుత్వ కార్యాలయములకును, ఏసి.ఇన్ అను ముగింపు విద్యాసంస్థలకును ప్రత్యేకింపబడినవి. ఉపకార వేతనమును గూర్చి వెదకునపుడు

మైనారిటీ స్కాలర్‌షిప్ సైట్:గవ్.ఇన్

అని వ్రాసినచో కోచింగు సెంటర్ల ప్రకటనలు, దళారుల పుటలు, రుసుము చెల్లించిన దరఖాస్తు తామే నింపెదమనువారి పుటలు ఒక్కసారిగా తొలగును. చిరునామాను చదువునపుడు కుడివైపు నుండి చదువుట నేర్వవలెను. చివర గవ్.ఇన్ అని ఉండుట వేరు. గవ్ అను మాటను నడుమ ఎక్కడనో ఇరికించి చివర కామ్ అని ముగించుట వేరు. మొదటిది సర్కారు గుమ్మము, రెండవది దాని బొమ్మను గోడపై గీసికొన్న దుకాణము కావచ్చును. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ చిరునామా కూడ గవ్.ఇన్ తోనే ముగియును.

ఫైల్‌టైప్ అను సంకేతము పత్రపు రూపమును నిర్ణయించును. ప్రభుత్వ ఉత్తరువులు, ప్రవేశ ప్రకటనలు, పాత ప్రశ్నపత్రములు చాల వరకు పిడిఎఫ్ రూపమున ఉండును. కావున పై ప్రశ్నకు ఫైల్‌టైప్:పిడిఎఫ్ అని చేర్చినచో వార్తలు పోయి, మూలపత్రములు మిగులును. ఇన్‌టైటిల్ అను మరియొక సంకేతము పుట శీర్షికలో ఆ మాట ఉన్నవానినే చూపును. దానిని గూర్చి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

కాలమును నిర్ణయించుటకు గూగుల్ 2019లో బిఫోర్, ఆఫ్టర్ అను రెండు సంకేతములను ప్రవేశపెట్టెను. ఆఫ్టర్:2024-06-01 అని వ్రాసినచో ఆ తేదీ తరువాతి పుటలనే చూపును. ఇందలి అవసరమునకు ఒక బాధాకరమైన ఉదాహరణము కలదు. అల్పసంఖ్యాక వర్గములకు చెందిన పరిశోధక విద్యార్థులకు 2009 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ లభించుచుండెను. 2022-23 నుండి దానిని నిలిపివేసినట్లు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము లోక్‌సభకు తెలిపెను. కాని అంతకు ముందు సంవత్సరములలో దరఖాస్తులను ఆహ్వానించుచు వ్రాయబడిన పుటలు అట్లే నిలిచియున్నవి. యంత్రము వానిని తెచ్చి చూపును. పేద విద్యార్థి ఆ పుటను నమ్మి ఆదాయ ధ్రువపత్రము కొరకు కార్యాలయముల చుట్టు తిరుగును. ఫెలోషిప్ పేరునకు తోడు ఆఫ్టర్:2023-01-01 అని చేర్చియున్నచో నిలుపుదల వార్త మొదటనే కనబడియుండెడిది. అయితే ఒక హెచ్చరిక. పుట తేదీని యంత్రము ఊహించియే చెప్పును. పాత విషయమునకే కొత్త తేదీ అతికించు పుటలు కొల్లలు. కావున తెరచిన తరువాత లోపలి తేదీని కంటితో చూడక తప్పదు.

ఇంతవరకు చెప్పినవన్నియు ఆంగ్లమునకు చక్కగా అమరును. తెలుగు, ఉర్దూలకు వచ్చుసరికి కొన్ని చిక్కులున్నవి. తెలుగున విభక్తి ప్రత్యయములు మాటకు అంటుకొనియుండును. హైదరాబాదు, హైదరాబాద్, హైదరాబాదులో, హైదరాబాదునకు - ఇవి మనకు ఒకే ఊరు, అక్షరములు పోల్చు యంత్రమునకు నాలుగు మాటలు. ప్రభుత్వము అని వ్రాయువాడొకడు, ప్రభుత్వం అని వ్రాయువాడొకడు. ఇట్టి మాటలను కొటేషను గుర్తులలో బంధించినచో మిగిలిన రూపములన్నియు బయటనే ఉండిపోవచ్చును. కనుక తెలుగున కొటేషను గుర్తులను పేర్లకును, గ్రంథనామములకును పరిమితము చేయుట మంచిది. సామాన్యపదములకు ఆర్ సంకేతముతో రెండు మూడు రూపములను చేర్చుట మంచిది. గ్రంథాలయ సూచికలు కొన్నింటిలో మాట చివర నక్షత్రపు గుర్తు ఉంచినచో ఆ మాటతో ఆరంభమగు అన్ని రూపములును వచ్చును. తెలుగునకు ఇది వరము వంటిది. కాని గూగుల్‌లో అదే నక్షత్రము వేరు పని చేయును: కొటేషను గుర్తుల నడుమ మనకు తెలియని మాట స్థానమున నిలుచును.

ఉర్దూ చిక్కు కంటికి కనబడనిది. పదము నడుమ వచ్చు "యే", "కాఫ్" అక్షరములు అరబ్బీ కీబోర్డుతో టైపు చేసినను, ఉర్దూ కీబోర్డుతో టైపు చేసినను చూపునకు ఒక్కటియే. కంప్యూటరు లెక్కలో మాత్రము వాని సంఖ్యలు వేరు. ఈ తేడాను సరిచేసికొనలేని సూచికలలో ఒకరు వ్రాసిన మాట మరియొకరు వెదకిన దొరకదు. ఉన్న పుస్తకమే లేదని జవాబు వచ్చును. అట్టిచోట కీబోర్డు మార్చి మరల వెదకవలెను.

వీనికన్న పెద్ద అడ్డంకి మరియొకటి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగునకు స్థానము లభించినను, మన పత్రికలు, ముద్రణాలయములు చాల కాలము సొంత ఫాంట్లతోనే పనిచేసినవి. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు కనబడును; లోపల దాగినవి ఆంగ్లాక్షరముల సంఖ్యలు. అట్టి పుటలోని తెలుగు యంత్రమునకు అర్థము లేని ఆంగ్లము. ఫోటో తీసి ఎక్కించిన పాత పుస్తకములలో, అక్షరములను గుర్తించు ప్రక్రియ జరుగనిచో, అసలు అక్షరములే ఉండవు. ఉన్నది బొమ్మ. ఏ సంకేతమును అందు పనిచేయదు. ఆ పుస్తకమునకు ఎవరు ఏ పేరు వ్రాసి ఎక్కించిరో ఆ పేరే దిక్కు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరున లక్షల పుస్తకములు ఇట్లు ఎక్కింపబడినవి. చిత్తూరు జిల్లాలో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డి గారు ఆ మహాకార్యమునకు ప్రేరకులలో ఒకరు. ఆ పుస్తకముల విలువ ఇంతింతనరానిది. కాని తెలుగు, ఉర్దూ పేర్లను ఆంగ్లలిపిలో ఎక్కించినవారి వర్ణక్రమము చూచినవారికి నవ్వును ఏడుపును ఒక్కమారే వచ్చును.

సంకేతములు శాశ్వతములని కూడ నమ్మరాదు. ప్లస్ గుర్తును గూగుల్ 2011లో ఉపసంహరించెను. పర్యాయపదములకు వాడు అలగుర్తు 2013లో పోయెను. నిలువ ఉంచిన పాత ప్రతిని చూపు క్యాష్ సంకేతము 2024లో పోయెను. నేడు యంత్రములు పుటల జాబితాకు బదులు తామే కూర్చిన జవాబును పైన చూపుటకు మొగ్గుచున్నవి. జవాబు చేతికి వచ్చినది గదా, సంకేతములతో ఇక పనియేమని కొందరందురు. ఏ పుటల నుండి ఆ జవాబు కూర్చబడినదో, ఏ పుటలు విడువబడినవో చూడగోరువానికి వీని అవసరము పెరిగినదే గాని తరుగలేదని మేమందుము.

చివరగా ఒక అన్వేషణను మొదటి నుండి నడిపి చూపుదుము. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ఉన్నత విద్యను బోధించుటకై 1918లో స్థాపింపబడెను. దానికి కావలసిన పాఠ్యగ్రంథముల అనువాదము కొరకు 1917లోనే ఒక అనువాద శాఖ ఏర్పడెను. ఆ శాఖ వెలువరించిన గణిత, విజ్ఞాన గ్రంథములు కావలెననుకొందము. "ఉస్మానియా పుస్తకములు" అని వేసిన నేటి డిగ్రీ గైడులు వచ్చును. అనువాద శాఖ అని తెలుగున వేసిన కొన్ని వ్యాసములు వచ్చును. ఆ వ్యాసములలో ఒకటి చదివినంతనే శాఖ అసలు పేరు దారుల్ తర్జుమా అని తెలియును. ఆ పేరును కొటేషను గుర్తులలో ఉంచి ఆంగ్లలిపిలో వెదకినచో పరిశోధన వ్యాసములు తగులును, ఏసి.ఇన్ అని చోటు నిర్ణయించి, ఫైల్‌టైప్ చేర్చినచో సిద్ధాంత గ్రంథములు తగులును. వాని అధ్యాయములలో అనువాదకుల పేర్లు, గ్రంథముల ఉర్దూ పేర్లు లభించును. అప్పుడు ఆ గ్రంథనామమును ఉర్దూ లిపిలోనే వ్రాసి వెదకవలెను. దొరకనిచో ఆంగ్లలిపిలో రెండు మూడు వర్ణక్రమములతో ఆర్ సంకేతము చేర్చి వెదకవలెను. అప్పటికిని దొరకనిచో పుస్తకపు పేరు విడిచి, అనువాదకుని పేరును మాత్రమే డిజిటల్ గ్రంథాలయపు సూచికలో వెదకవలెను. పేరు తప్పుగా ఎక్కించినవారు రచయిత పేరునైనను సరిగా ఎక్కించియుండవచ్చును.